చదువుల ముచ్చట: బయోకెమిస్ట్రీ డిగ్రీ, మీ సందేహాలు

కాకతీయ, శాతవాహన యూనివర్సిటీల పరిధిలో బయోకెమిస్ట్రీ ఒక సబ్జెక్టుగా బీఎస్సీ చేస్తున్నవాళ్లు ఈసారి రాసిన ఉత్తరాలు ఎక్కువగా ల్యాబ్ గురించే. ఒకే సందేహం పలువురు అడిగిన చోట ఒక ఉత్తరమే ఇచ్చాం.

ప్రశ్న: లౌరీ పద్ధతిలో (నీలం రంగు ముదురును బట్టి ప్రోటీన్ కొలిచేది) పెసరపిండి ప్రోటీన్ కొలుస్తున్నాం. 500 మి.గ్రా. పిండిని 10 మి.లీ. బఫర్‌లో కలిపి, అందులోంచి 0.1 మి.లీ. ట్యూబులో పోస్తున్నాం. స్టాండర్డ్ 200 మైక్రోగ్రాముల దాకా ఉంది. స్టాండర్డ్ గ్రాఫ్ బాగానే వస్తోంది, శాంపిల్ మాత్రం గ్రాఫ్ దాటిపోతోంది. ముదురు నీలం వచ్చిన ట్యూబులో నీళ్లు పోసి, పలుచన చేసి రీడింగ్ తీసి, ఎన్ని రెట్లు కలిపామో అంతతో గుణించాం. మేడమ్ ఒప్పుకోలేదు. తప్పెక్కడ?
– సెకండియర్ విద్యార్థినులు, హన్మకొండ

జవాబు: మేడమ్ మాటే సరి. రంగు వచ్చాక పోసిన నీళ్లు రంగును పలుచన చేస్తాయి కానీ జరిగిపోయిన చర్యను సరిచేయలేవు. ట్యూబులో కాపర్ ద్రావణం 5 మి.లీ., ఫోలిన్ (నీలం రంగు ఇచ్చే రియేజెంట్) 0.5 మి.లీ. మాత్రమే ఉన్నాయి. ప్రోటీన్ మోతాదు మించితే రియేజెంట్ చాలదు. అక్కడి నుంచి ప్రోటీన్ రెట్టింపైనా రంగు రెట్టింపు కాదు. ఆ రంగును ఎన్నింతలు చేసి గుణించినా అసలు విలువ కన్నా తక్కువే వస్తుంది. పలుచన చేయాల్సింది శాంపిల్‌ను, అదీ రియేజెంట్ పోయకముందు.

ఎంత పలుచన చేయాలో ట్యూబులు ముట్టుకోకముందే లెక్క కట్టొచ్చు. పెసల్లో వంద గ్రాములకు సుమారు 24 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. 500 మి.గ్రా. పిండి తీసుకుంటే అందులో 120 మి.గ్రా. అదంతా 10 మి.లీ. బఫర్‌లోకి దిగిందనుకుంటే మిల్లీలీటరుకు 12 మి.గ్రా. మీరు ట్యూబులో పోసిన 0.1 మి.లీ.లో 1200 మైక్రోగ్రాములు ఉన్నట్టు. మీ స్టాండర్డ్ చివరి ట్యూబు 200 మైక్రోగ్రాములే కదా, ఆరు రెట్లు దాటిపోయారు. ఎక్స్‌ట్రాక్ట్ 1 మి.లీ. తీసి బఫర్‌తో 10 మి.లీ.కి చేయండి. దానిలోంచి 0.1 మి.లీ. తీస్తే 120 మైక్రోగ్రాముల దగ్గర, గ్రాఫ్ నడిమధ్యలో పడుతుంది. ఉదాహరణకు గ్రాఫ్‌లో 105 వచ్చిందనుకోండి. పలుచన ద్రావణంలో మిల్లీలీటరుకు 1.05 మి.గ్రా., అసలు ఎక్స్‌ట్రాక్ట్‌లో 10.5 మి.గ్రా., మొత్తం 10 మి.లీ.లో 105 మి.గ్రా. అది 500 మి.గ్రా. పిండిలోది కాబట్టి వందకు 21 గ్రాములు. ఈ వరుసంతా రికార్డులో కనిపించాలి. చివరి అంకె ఒక్కటే రాస్తే ఎక్కడ తప్పిందో ఎవరూ పట్టుకోలేరు.

రియేజెంట్ల సంగతి కూడా చూసుకోండి. 'ఎ' అంటే 0.1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్‌లో 2 శాతం సోడియం కార్బొనేట్. 'బి' అంటే 1 శాతం సోడియం పొటాషియం టార్ట్రేట్‌లో 0.5 శాతం కాపర్ సల్ఫేట్. 'ఎ' 50 మి.లీ.కి 'బి' 1 మి.లీ. కలిపితే 'సి' వస్తుంది. దాన్ని ఏ రోజుకారోజు కలుపుకోవాలి. టార్ట్రేట్ లేకుండా రాగిని క్షారంలో పోస్తే అడుగున నీలం మడ్డి దిగుతుంది. శాంపిల్‌ను నీళ్లతో 1 మి.లీ. చేసి, 'సి' 5 మి.లీ. పోసి 10 నిమిషాలు ఆగండి. తర్వాత ఫోలిన్ 0.5 మి.లీ. వేసి, చీకట్లో 30 నిమిషాలు ఉంచి, 660 నానోమీటర్ల దగ్గర చదవండి. సీసాలో వచ్చే ఫోలిన్ 2 నార్మల్. సమానంగా నీళ్లు కలిపి 1 నార్మల్ చేసి వాడాలి.

రీడింగులు ఎక్కువగా చెడేది ఫోలిన్ పోసే క్షణంలోనే. ఆ రియేజెంట్ ఆమ్లంలో నిలుస్తుంది, క్షారంలో కొద్దిసేపట్లోనే పాడవుతుంది. మనకు కావలసిన చర్య జరిగేదేమో పీహెచ్ 10 దగ్గర. కాబట్టి పాడయ్యేలోపే అది ప్రోటీన్‌ను చేరాలి. వరుసగా పది ట్యూబుల్లో పోసి, తర్వాత తీరిగ్గా కలిపితే మొదటి ట్యూబుకూ పదో ట్యూబుకూ పొంతన ఉండదు. ఒక ట్యూబులో పోయగానే కలిపి, ఆ తర్వాతే రెండో దాని దగ్గరికి వెళ్లండి.

గింజల ఎక్స్‌ట్రాక్ట్‌లో మరో చిక్కుంది. పొట్టులోని ఫినాల్స్ కూడా ఫోలిన్‌ను నీలం చేస్తాయి, దాంతో ప్రోటీన్ ఎక్కువగా కనిపిస్తుంది. ఎక్స్‌ట్రాక్ట్‌కు సమానంగా 20 శాతం టీసీఏ (ట్రైక్లోరో ఎసిటిక్ ఆమ్లం) కలిపి ప్రోటీన్‌ను దింపి, సెంట్రిఫ్యూజ్ చేసి, అడుగు ముద్దను 0.1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్‌లో కరిగించి కొలిస్తే ఆ బెడద చాలావరకు తగ్గుతుంది. ఎక్స్‌ట్రాక్షన్ బఫర్‌లో ట్రిస్, ఈడీటీఏ, మెర్కాప్టోఇథనాల్ ఉండొద్దు. బ్లాంక్‌లో నీళ్లకు బదులు అదే బఫర్ పోయండి.

ప్రశ్న: ఒక గ్లూకోజ్ అణువుకు 38 ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) అని ఇంటర్‌లో చదివాం. డిగ్రీలో సార్ 32 అంటున్నారు, గైడులో 36, ఇంకో పుస్తకంలో 30. పరీక్షలో ఏది రాయాలి?
– పరకాల

జవాబు: నాలుగు అంకెలకూ లెక్క ఒకటే, పెట్టుకున్న విలువలు వేరు. ఎన్‌ఏడీహెచ్, ఎఫ్‌ఏడీహెచ్2 అంటే ఎలక్ట్రాన్లను మోసుకెళ్లే అణువులు. గ్లైకోలిసిస్‌లో (గ్లూకోజ్ పైరువేట్‌గా విరిగే దారి) ఎన్‌ఏడీహెచ్ 2, పైరువేట్ అసిటైల్ కోఎ అయ్యేటప్పుడు 2, క్రెబ్స్ వలయంలో 6, మొత్తం 10. ఎఫ్‌ఏడీహెచ్2 రెండు. నేరుగా వచ్చే ఏటీపీలు గ్లైకోలిసిస్‌లో నికరంగా 2, క్రెబ్స్‌లో 2, కలిపి 4. పాత లెక్కలో ఎన్‌ఏడీహెచ్‌కు 3, ఎఫ్‌ఏడీహెచ్2కు 2 అనుకున్నారు. 30, 4, 4 కలిపితే 38. ఇప్పుడు 2.5, 1.5 అంటున్నారు. 25, 3, 4 కలిపితే 32.

ఆ అరలు ఎక్కడివంటే, ఎన్‌ఏడీహెచ్ నుంచి రెండు ఎలక్ట్రాన్లు ఆక్సిజన్ దాకా వెళ్లేలోపు 10 ప్రోటాన్లు బయటికి పంప్ అవుతాయి. కాంప్లెక్స్ 1 దగ్గర 4, కాంప్లెక్స్ 3 దగ్గర 4, కాంప్లెక్స్ 4 దగ్గర 2. ఒక ఏటీపీకి 4 ప్రోటాన్లు ఖర్చు: సింథేజ్ తిరగడానికి 3, ఫాస్ఫేట్‌ను లోపలికి తేవడానికి 1. పదిని నాలుగుతో భాగిస్తే 2.5. ఎఫ్‌ఏడీహెచ్2 కాంప్లెక్స్ 1ని తాకదు కాబట్టి 6 ప్రోటాన్లే, అంటే 1.5.

ఇక 30, 36 వచ్చేది షటిల్ (ఎలక్ట్రాన్లను మైటోకాండ్రియాలోకి చేరవేసే ఏర్పాటు) వల్ల. గ్లైకోలిసిస్‌లోని రెండు ఎన్‌ఏడీహెచ్‌లు సైటోసోల్‌లో పుడతాయి, మైటోకాండ్రియా లోపలికి నేరుగా వెళ్లలేవు. కాలేయం, గుండెలో మాలేట్-ఆస్పార్టేట్ షటిల్ వాటి ఎలక్ట్రాన్లను లోపల మళ్లీ ఎన్‌ఏడీహెచ్‌కే అందిస్తుంది, నష్టం లేదు. అస్థిపంజర కండరంలో, మెదడులో గ్లిసరాల్-3-ఫాస్ఫేట్ షటిల్ వాటిని ఎఫ్‌ఏడీహెచ్2గా అప్పగిస్తుంది. అక్కడ రెండు ఏటీపీలు తగ్గుతాయి. జవాబు మొదటి వాక్యంలోనే ఏ విలువలు తీసుకున్నారో, ఏ షటిల్ అనుకున్నారో రాసేయండి. అప్పుడు 32 రాసినా 30 రాసినా దిద్దేవాళ్లకు మార్కు తీసే అవకాశం ఉండదు. ఉత్తి అంకె రాస్తే మాత్రం దిద్దేవారి చేతిలో ఏ పుస్తకం ఉందన్న దానిమీదే మీ మార్కు.

ప్రశ్న: ప్రాక్టికల్ పరీక్షలో నాకు ఇచ్చిన అన్‌నోన్ లాక్టోజ్. బార్ఫోడ్ పరీక్షలో ఎర్ర మడ్డి రావడంతో గ్లూకోజ్ అని రాశాను. రియేజెంట్ పాడైందా?
– జనగామ

జవాబు: రియేజెంట్ కన్నా వేడి పెట్టిన సమయాన్నే అనుమానించాలి. బార్ఫోడ్ ద్రావణం ఆమ్లగుణం ఉన్నది. మోనోశాకరైడ్‌లు (గ్లూకోజ్ వంటి ఒంటి చక్కెరలు) మరిగే నీళ్లలో రెండు మూడు నిమిషాల్లోనే ఎరుపు చూపిస్తాయి. లాక్టోజ్ వంటి డైశాకరైడ్‌ను (రెండు చక్కెరలు కలిసినది) పది నిమిషాలు మరగనిస్తే ఆ ఆమ్లంలో అదే విరిగి, గ్లూకోజ్ విడుదలై, ఎరుపు ఇస్తుంది. గడియారం చూసి మూడో నిమిషంలో బయటికి తీయండి. ఫ్రక్టోజ్‌ను పట్టే సెలివనాఫ్ పరీక్షలోనూ ఇదే తంతు. ఎక్కువసేపు మరిగిస్తే గ్లూకోజ్ కూడా గులాబీ రంగుకు తిరుగుతుంది. లాక్టోజ్‌ను ఖాయం చేసేది ఓసజోన్ (ఫినైల్ హైడ్రజీన్‌తో చక్కెర ఇచ్చే స్ఫటికాలు). మైక్రోస్కోపు కింద దూది ఉండల్లా కనిపిస్తే లాక్టోజ్, పొద్దుతిరుగుడు పువ్వులా ఉంటే మాల్టోజ్. గ్లూకోజ్, ఫ్రక్టోజ్ రెండూ ఒకేరకం సూదులు ఇస్తాయి. వాటి మధ్య తేడా మొదటి రెండు కార్బన్ల దగ్గరే, ఓసజోన్ ఏర్పడేదీ అక్కడే. ఆ రెంటినీ విడదీయడానికి సెలివనాఫ్ వాడాలి.

ప్రశ్న: ఫిబ్రవరిలో చక్కగా వచ్చిన లాలాజల ఆమైలేజ్ (స్టార్చ్‌ను విరిచే ఎంజైమ్) ప్రయోగం ఏప్రిల్‌లో పూర్తిగా తేడా కొడుతోంది. మా ల్యాబ్‌లో ఏసీ లేదు. ఎండాకాలం ప్రాక్టికల్స్‌కు ఏమేం చూసుకోవాలి?
– గోదావరిఖని

జవాబు: ముందు వాటర్ బాత్‌లో థర్మామీటరు పెట్టి చూడండి. మామూలు వాటర్ బాత్ వేడి చేయగలదు కానీ చల్లార్చలేదు. గది 41 డిగ్రీలుంటే మీరు 37 దగ్గర పెట్టిన బాత్ కూడా 40కి అటూఇటూనే ఉంటుంది. ఐసు ముక్కలు వేసి 37కు తెచ్చి, ప్రతి ఐదు నిమిషాలకూ చూస్తుండాలి. 'రూమ్ టెంపరేచర్' అని రాసి ఊరుకోకుండా ఆ రోజు గది ఎన్ని డిగ్రీలుందో రికార్డులో వేయండి.

బఫర్ ట్రిస్ అయితే ఇంకో సమస్య. డిగ్రీ వేడి పెరిగినకొద్దీ ట్రిస్ పీహెచ్ సుమారు 0.028 పడిపోతుంది. 25 డిగ్రీల దగ్గర 8.0కు సరిచేసింది 40 డిగ్రీల గదిలో 7.6 దగ్గర ఉంటుంది. ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర 8.6కు ఎగబాకుతుంది. ఫాస్ఫేట్‌లో ఈ మార్పు అందులో పదో వంతే. ఆమైలేజ్‌కు పీహెచ్ 6.8 ఫాస్ఫేట్ బఫర్ వాడమనేది ఇందుకు కూడా కలిసొస్తుంది. బఫర్‌ను ఏ వేడిలో వాడబోతున్నారో ఆ వేడిలోనే పీహెచ్ మీటరు చూడండి. ప్రయోగంలో కాస్త సోడియం క్లోరైడ్ తప్పనిసరి. క్లోరైడ్ అయాన్ లేకపోతే ఈ ఎంజైమ్ మందకొడిగా పనిచేస్తుంది. స్టార్చ్ ద్రావణం నిన్నటిది వద్దు.

ఫాస్ఫేట్ బఫర్ కలిపేటప్పుడు ఎండతో సంబంధం లేని తప్పు ఒకటి ప్రతి బ్యాచ్‌లోనూ జరుగుతుంది. సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ సీసా మీద నీటి అణువులు ఎన్నో చదవరు. అణుభారం నీళ్లు లేనిదానికి 120, ఒక అణువు ఉన్నదానికి 138, రెండున్నదానికి 156. 0.2 మోలార్ కోసం లీటరుకు 24 గ్రాములు తూచారనుకోండి. సీసాలో ఉన్నది డైహైడ్రేట్ అయితే మీ ద్రావణం 0.154 మోలారే. దానికి 31.2 గ్రాములు కావాలి. డైసోడియం ఉప్పులో తేడా ఇంకా పెద్దది: నీళ్లు లేనిదైతే 28.4 గ్రాములు, పన్నెండు నీటి అణువులున్నదైతే 71.6 గ్రాములు. సరిగ్గా తూచిన 0.2 మోలార్ ద్రావణాల్లో మోనో (డైహైడ్రోజన్ ఉప్పు) 39 మి.లీ., డై (డైసోడియం ఉప్పు) 61 మి.లీ. కలిపి 200 మి.లీ. చేస్తే పీహెచ్ 7.0, 0.1 మోలార్ బఫర్ వస్తుంది. పీహెచ్ 7.4 కావాలంటే 19, 81.

ఒక హెచ్చరిక. డైఈథైల్ ఈథర్ 34.6 డిగ్రీలకే మరుగుతుంది. అంటే మీ దగ్గర ఏప్రిల్ మధ్యాహ్నం సీసాలో అది మరిగే స్థితిలోనే ఉంటుంది. మూత తీయగానే పైకి చిమ్ముతుంది, ఆవిరి నేలబారున పాకి దూరంగా ఉన్న బర్నర్ మంటను కూడా అందుకోగలదు. ఈథర్ పని ఉంటే పొద్దున్నే, సీసాను ఐసులో చల్లార్చి, గదిలో ఒక్క బర్నర్ కూడా వెలగకుండా చూసుకుని చేయండి. ఆ ప్రయోగాన్ని వర్షాకాలానికి మార్చమని డిపార్ట్‌మెంట్‌ను అడగడం ఇంకా మేలు.

ప్రశ్న: గ్లైకోలిసిస్ పది మెట్లు ఎన్నిసార్లు బట్టీ పట్టినా పరీక్ష హాల్లో కలిసిపోతున్నాయి. తెలుగు మీడియం నుంచి వచ్చాను, పేర్లే పెద్ద బరువుగా ఉన్నాయి.
– ములుగు

జవాబు: పేర్లతో మొదలుపెట్టకండి, పనులతో మొదలుపెట్టండి. పదింటిలో నాలుగు కైనేస్‌లు. కైనేస్ ఉన్న చోట ఏటీపీ రావడమో పోవడమో ఉంటుంది. 1, 3 మెట్ల దగ్గర పోతుంది, 7, 10 మెట్ల దగ్గర వస్తుంది. నాలుగో మెట్టులో ఆరు కార్బన్లది రెండుగా చీలుతుంది, కాబట్టి ఆరో మెట్టు నుంచి అన్నీ రెండేసి సార్లు జరుగుతాయి. రెండు పోయి నాలుగు రావడం ఇందుకే. ఆరో మెట్టులో డీహైడ్రోజినేస్ ఉంది, అంటే అక్కడ హైడ్రోజన్ తీసేస్తారు, ఎన్‌ఏడీహెచ్ పుడుతుంది. మిగిలినవి సర్దుబాట్లు: 2, 5 ఐసోమరేస్‌లు, 8 మ్యూటేస్, 9 ఈనోలేస్. వెనక్కి తిరగనివి 1, 3, 10 మాత్రమే. రెగ్యులేషన్ ప్రశ్నంతా వాటి మీదే నడుస్తుంది. గ్లూకోనియోజెనిసిస్‌లో (గ్లూకోజ్ తిరిగి తయారయ్యే దారి) చుట్టుదారి పట్టేదీ ఆ మూడింటి దగ్గరే, కాబట్టి ఒక పాఠం చదివితే రెండోది సగం వచ్చేసినట్టే. రోజూ తెల్ల కాగితం మీద నిర్మాణాలతో సహా గీయండి. పుస్తకం చూస్తూ పదిసార్లు రాసే దానికన్నా చూడకుండా ఒకసారి గీసి, ఎక్కడ ఆగిపోయారో చూసుకోవడం ఎక్కువ పనిచేస్తుంది.

ప్రశ్న: ఎంజైమ్ కైనెటిక్స్‌లో లైన్‌వీవర్-బర్క్ గ్రాఫ్ (1/గాఢత మీద 1/వేగం) వేస్తే కేఎమ్ (సగం గరిష్ఠ వేగం వచ్చే సబ్‌స్ట్రేట్ గాఢత) మైనస్‌లో వచ్చింది. ఇలా రావచ్చా?
– థర్డియర్, కరీంనగర్

జవాబు: రాకూడదు. సబ్‌స్ట్రేట్ గాఢతలన్నీ కేఎమ్ కన్నా బాగా తక్కువ తీసుకుంటే గీత దాదాపు మూలబిందువు గుండా పోతుంది. అప్పుడు చిన్న కొలత తప్పు చాలు, గీత నిలువు అక్షాన్ని సున్నా కింద కోస్తుంది, వీమ్యాక్స్ (గరిష్ఠ వేగం), కేఎమ్ రెండూ మైనస్ అవుతాయి. కేఎమ్‌లో ఐదో వంతు నుంచి ఐదు రెట్ల దాకా విస్తరించిన గాఢతలు ఆరేడు తీసుకోండి.

ఈ గ్రాఫ్‌కు పుట్టుకతోనే ఒక లోపం ఉంది. వీమ్యాక్స్ 100, కేఎమ్ 2 మిల్లీమోలార్ అనుకోండి. 0.2 దగ్గర వేగం 9.09, 10 దగ్గర 83.3. రెండు చోట్లా రీడింగ్ ఒక యూనిట్ తగ్గితే మొదటి దాని తలకిందుల విలువ (1/వేగం) 0.110 నుంచి 0.124కు జరుగుతుంది, రెండోది 0.0120 నుంచి 0.0122కు కూడా చేరదు. తప్పు అంతే ఉన్నా గ్రాఫ్ మీద దాదాపు తొంభై రెట్లు పెద్దగా కనిపిస్తుంది. అదీ గీత వాలును శాసించే చివరన ఉన్న, నమ్మకం తక్కువైన బిందువు దగ్గర. 1934లో కాగితం, స్కేలుతో ఇంతకన్నా సులువైన దారి లేదు కాబట్టి ఆ గ్రాఫ్ వచ్చింది. సిలబస్‌లో ఉంది కనుక రికార్డులో వేయండి. కేఎమ్ విలువ మాత్రం హేన్స్ గ్రాఫ్‌తోనో, కంప్యూటర్‌లో నేరుగా మైకేలిస్-మెంటెన్ వక్రానికి సరిపెట్టో తీసుకోండి.

వేగం అంటే మొదటి వేగం అన్న సంగతి మరవొద్దు. ముందు ఒక్క గాఢతతో 0 నుంచి 5 నిమిషాల దాకా నిమిషానికోసారి చూడండి. సబ్‌స్ట్రేట్ పదో వంతు ఖర్చయ్యేలోపే చర్య ఆపాలి. రెండో నిమిషానికే గీత వంగుతుంటే ఎంజైమ్ ఎక్కువైనట్టు, ఇంకా పలుచన చేయండి. లాలాజలమైతే మనిషి మనిషికీ తేడా కాబట్టి ప్రయోగమంతా ఒకే శాంపిల్‌తో ముగించాలి.

ప్రశ్న: వైవాలో 'ఫిస్క్-సుబ్బారావు పద్ధతిలో సుబ్బారావు ఎవరు' అని అడిగితే చెప్పలేకపోయాను.
– నర్సంపేట

జవాబు: యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టారు, అమెరికాలో పనిచేశారు, 1948లో మరణించారు. సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ఫాస్ఫరస్ కొలిచే ఈ పద్ధతిని ప్రచురించారు. దాంతోనే కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ 1927లో బయటపడింది, 1929లో ఏటీపీ. అదే ఏడాది జర్మనీలో లోమాన్ కూడా ఏటీపీని విడిగా కనుగొన్నారు.

వైవాలో తర్వాతి ప్రశ్న తప్పకుండా రంగు గురించే. ఆమ్లంలో అమోనియం మాలిబ్డేట్ ఫాస్ఫేట్‌తో కలిసి ఫాస్ఫోమాలిబ్డేట్ అవుతుంది. దాన్ని ఏఎన్‌ఎస్‌ఏ (అమినోనాఫ్థాల్ సల్ఫోనిక్ ఆమ్లం) క్షయకరణం చేస్తే మాలిబ్డినం నీలం వస్తుంది, 660 నానోమీటర్ల దగ్గర చదువుతాం. ఆమ్లం పలుచనైతే ఫాస్ఫేట్ లేకపోయినా మాలిబ్డేట్ తనంతట తాను నీలమవుతుంది. బ్లాంక్ నీలంగా ఉంటే మొదట ఆమ్లాన్ని అనుమానించండి, తర్వాత ట్యూబులు కడిగిన డిటర్జెంట్‌ను. చాలా డిటర్జెంట్లలో ఫాస్ఫేట్ ఉంటుంది. రంగు నిమిషాల తరబడి ముదురుతూ పోతుంది కాబట్టి ప్రతి ట్యూబుకూ రియేజెంట్ పోసిన క్షణం నుంచి చదివే క్షణం దాకా ఒకే వ్యవధి ఉండాలి.

ప్రశ్న: చివరి ఏడాది ప్రాజెక్టుకు మా కాలేజీలో స్పెక్ట్రోఫోటోమీటర్, తూనిక యంత్రం తప్ప ఏమీ లేవు. అందరూ చేసే యాంటీబ్యాక్టీరియల్ ప్లేట్లు కాకుండా ఇక్కడి పంట మీద ఏదైనా చేయాలని ఉంది.
– వరంగల్

జవాబు: మీ ఊరి పంటే ఉంది కదా. 2025లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిన చపాటా మిర్చి, టమాట మిర్చి అని పిలిచేది. దాని పేరంతా ఎర్ర రంగు మీద, తక్కువ కారం మీద నిలిచింది. కారం కొలవాలంటే హెచ్‌పీఎల్‌సీ (పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) కావాలి, దాని జోలికి పోకండి. రంగు కొలవడానికి మీ దగ్గరున్నది చాలు. సుగంధ ద్రవ్యాల వ్యాపారంలో వాడే ఆస్టా (అమెరికన్ స్పైస్ ట్రేడ్ అసోసియేషన్) రంగు విలువ ఎసిటోన్‌తోనే తీస్తారు.

తొడిమ తీసిన కాయల్ని ఆరబెట్టి, దంచి, 1 మిల్లీమీటరు జల్లెడ పట్టండి. గింజలు ఉంచుతారా తీసేస్తారా అన్నది మొదటిరోజే తేల్చుకుని చివరిదాకా అలాగే చేయాలి. గింజ బరువు పెంచుతుంది కానీ రంగివ్వదు. సుమారు 0.1 గ్రాము పొడి నాలుగు దశాంశాల దాకా తూచి, 100 మి.లీ. వాల్యూమెట్రిక్ ఫ్లాస్కులో వేసి, గుర్తు దాకా ఎసిటోన్ పోసి, గట్టిగా బిరడా పెట్టి, చీకట్లో 16 గంటలు ఉంచండి. పైన తేరుకున్న ద్రావణాన్ని 460 నానోమీటర్ల దగ్గర, ఎసిటోన్ బ్లాంక్‌తో చదవండి. అబ్జార్బెన్స్‌ను 16.4తో గుణించి, గ్రాముల్లో పొడి బరువుతో భాగిస్తే రంగు విలువ. 0.1 గ్రాముకు 0.5 వస్తే 82. అసలు పద్ధతిలో యంత్రం దిద్దుబాటు గుణకం కూడా ఉంటుంది. అది మీ దగ్గర లేదు కాబట్టి 1 అనుకున్నామని రాసి, మీ శాంపిళ్లను ఒకదానితో ఒకటి పోల్చడానికే ఆ అంకెను వాడండి, బయటి నివేదికలతో పోల్చకండి. రీడింగ్ 0.3కూ 0.7కూ మధ్య ఉండాలి, దాటితే ఎసిటోన్‌తో పలుచన చేయండి. ప్లాస్టిక్ క్యువెట్ అస్సలు వద్దు. ఎసిటోన్‌లో పాలిస్టైరీన్ మెత్తబడి మసకబారుతుంది, రీడింగ్ ఇష్టం వచ్చినట్టు పెరుగుతుంది. గాజు క్యువెట్ వాడి, పైన మూత పెట్టండి. మూత లేకపోతే ఎసిటోన్ ఆవిరై రంగు చిక్కబడుతుంది.

ప్రశ్నను చిన్నగా ఉంచండి. ఒకే రైతు దగ్గర ఒకే కోత కాయలు తెచ్చి మూడు భాగాలు చేయండి: గోనెసంచిలో గదిలో ఒకటి, నల్ల కవరులో గదిలో ఒకటి, ఎనుమాముల చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలో ఒకటి. 0, 30, 60, 90 రోజులకు మూడేసి సార్లు కొలిచి, సగటు, ప్రామాణిక విచలనం ఇవ్వండి. ప్రతిసారీ 2 గ్రాములు విడిగా ఓవెన్‌లో పెట్టి తేమ కూడా చూడాలి. లేదంటే కాయ ఎండి బరువు తగ్గినందుకు రంగు పెరిగిందని రాసేస్తారు. నివేదికలో 'క్యాప్సాంథిన్' (మిర్చిలోని ఒక ఎర్ర రంగు పదార్థం) అని రాయొద్దు. 460 దగ్గర బీటా కెరోటిన్ వంటివి కూడా పీల్చుకుంటాయి కాబట్టి ఇది ఎసిటోన్‌లో దిగిన మొత్తం రంగు మాత్రమే.

ప్రశ్న: బీఎస్సీ బయోకెమిస్ట్రీతో ప్రభుత్వ ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్ కావచ్చా? లేకపోతే ఎమ్మెస్సీకి ఏ పరీక్షలు రాయాలి?
– భూపాలపల్లి, మంచిర్యాల నుంచి ఇద్దరు

జవాబు: ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులకు ప్రధానంగా అడిగేది డీఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ డిప్లొమా), బీఎస్సీ ఎంఎల్‌టీ వంటి అర్హత, పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్. ఉత్త బీఎస్సీ బయోకెమిస్ట్రీ దానికి సమానం అనుకుని మూడేళ్లు గడపకండి. పాత నోటిఫికేషన్ ఒకటి తీసి అర్హతల పేరా ఇప్పుడే చదవండి.

ఎమ్మెస్సీకి రాష్ట్ర యూనివర్సిటీల్లో సీటు సీపీగెట్ (రాష్ట్ర పీజీ ప్రవేశ పరీక్ష) ద్వారా, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సీయూఈటీ పీజీ (సెంట్రల్ యూనివర్సిటీల ఉమ్మడి పరీక్ష) ద్వారా. ఐఐటీలకు జామ్ (ఎమ్మెస్సీ ఉమ్మడి ప్రవేశ పరీక్ష) రాయాలి, అందులో బయోకెమిస్ట్రీ పేపర్ విడిగా లేదు, బయోటెక్నాలజీ పేపరే దారి. మూడు గంటలు, 60 ప్రశ్నలు, 100 మార్కులు. మొదటి భాగంలోని 30 ప్రశ్నలకే నెగెటివ్ ఉంది: ఒక మార్కుదానికి మూడో వంతు, రెండు మార్కులదానికి మూడింట రెండొంతులు పోతుంది. ఒకటి కన్నా ఎక్కువ సరైన జవాబులుండే 10 ప్రశ్నలకూ, అంకె టైప్ చేసే 20 ప్రశ్నలకూ కోత లేదు, ఒక్కటీ ఖాళీగా వదలొద్దు. బైపీసీ నుంచి వెళ్లేవాళ్లు తడబడేది బయాలజీలో కాదు. ఆ పేపర్లో ఇంటర్ స్థాయి గణితం, ఫిజిక్స్ కూడా ఉంటాయి. లాగరిథమ్‌లు, ప్రస్తారాలు-సంయోగాలు, సంభావ్యత, అవధులు-అవకలనాలు మీకు కొత్త. పరీక్ష ఫిబ్రవరిలో, దరఖాస్తులు అంతకుముందు సెప్టెంబరు, అక్టోబరుల్లోనే. ఎంపీసీ చదివిన స్నేహితుల దగ్గర పాత తెలుగు అకాడమీ గణితం పుస్తకాలు అడిగి తెచ్చుకుని, సెకండియర్ సెలవుల్లోనే మొదలుపెడితే థర్డియర్ ప్రాక్టికల్స్‌తో ఢీకొనకుండా పూర్తవుతుంది.